మారుమనస్సు పొందిన మంచివాడు

పోయిన క్రిస్మస్‌కి మా మందిరంలో వేసిన సినిమాలో గొర్రెల కాపరి గడ్డం ఊడి గొర్రె ముందు పడింది. గొర్రె దాన్ని నమలడం మొదలుపెట్టింది. కాపరి ఒక చేత్తో గొర్రె నోట్లోంచి గడ్డం లాక్కుంటూనే, దేవదూత చెప్పే మాటలు భక్తిగా విన్నాడు. దేవదూత తల వెనక గుండ్రటి ట్యూబులైటు వెలుగుతోంది. దాని వైరు ఆయన మెడ మీదుగా వీపు మీదికి దిగి, పశువులపాక గోడకున్న ప్లగ్గు దాకా స్పష్టంగా కనిపించింది. పిల్లలు నవ్వారు. పిల్లల్ని గదమాయించబోయిన పెద్దలూ నవ్వారు. పొరుగూరి సంఘం నుంచి వచ్చిన అతిథులు మాత్రం మర్యాదస్తులు కాబట్టి పాటల పుస్తకాలు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఆ అవమానంలోంచి పుట్టిందే మా చలనచిత్ర నాణ్యతా పరిరక్షక సంఘం. నేను దానికి కార్యదర్శిని. నా పేరు కృపానిధి. ముప్ఫై నాలుగేళ్లు తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యాను. సినిమాల గురించి నాకు బొత్తిగా తెలియదని మొదటిరోజే మనవి చేసుకున్నాను.

"అందుచేతనే మిమ్మల్ని తీసుకున్నాం. మీకు పక్షపాతం ఉండే అవకాశం లేదు" అన్నారు అధ్యక్షులు.

అధ్యక్షులు రెవరెండ్ డాక్టర్ తిమోతి భూషణం గారు. ఆరాధనలో మౌనానికున్న ప్రాముఖ్యం మీద ఆరువందల పేజీలు రాసి డాక్టరేటు తెచ్చుకున్నవారు. సభ్యులు ఇద్దరు. హెప్సిబా దేవిగారు బాలికల హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి విరమించారు. సాల్మన్ రాజుగారు ఎక్సైజు శాఖలో సూపరింటెండెంటుగా చేసి విరమించారు. విరమణ అయిన వాళ్లకి తీరిక ఉంటుంది, తీరిక ఉన్న వాళ్లకి అభిప్రాయాలుంటాయి. మూడు సమావేశాల్లో నలభై ఒక్క నియమాలు తయారయ్యాయి.

మొదటి నియమం ముఖ్యమైనది. "పాపము తెరపై కనబడరాదు." రెండోది, "విశ్వాసి ముఖమున నిరాశ కనబడరాదు." మూడోది, "పేదరికమును చూపదలచినచో శుభ్రమైన పేదరికమును చూపవలెను." గడ్డాల గురించి పద్ధెనిమిదో నియమం ఉంది. సినిమా బాగుండాలన్న నియమం ఒకటి పెడదామా అని నేను అడిగాను. "ఈ నలభై ఒకటీ పాటిస్తే అది దానంతటదే బాగుంటుంది" అన్నారు హెప్సిబా దేవిగారు.

మా మందిరపు సంఘం స్థాపించి నూట పాతికేళ్లయిన సందర్భంగా ఒక మంచి సినిమా తియ్యాలని తీర్మానించి, ఆ పని ఎలీషాకి అప్పగించాం. ఎలీషా మా ఊళ్లో పద్ధెనిమిదేళ్లుగా పెళ్లి వీడియోలు తీస్తున్నాడు. అక్షింతలు పడేటప్పుడు పెళ్లికూతురు వాళ్ల నాన్న మొహం చూడటం, ఆ మొహం మీదికి కెమెరా తిప్పడం అతనికి తెలుసు. ఒక్క సినిమా తియ్యాలని కాలేజీ రోజుల్నించీ కోరిక. కథ కోసం అతను ఎక్కడికీ పోలేదు. మా మందిరం కాపలాదారు గిద్యోను దగ్గరికి పోయాడు.

గిద్యోను గంట కొడతాడు, నేల ఊడుస్తాడు, సమావేశాలకి టీ తెస్తాడు. పన్నెండేళ్ల కిందట లారీ డ్రైవరు. తాగుబోతు అంటే సరిపోదు. ఊళ్లో ఎవరైనా మరీ తాగితే "గిద్యోనైపోతావురా" అనేవాళ్లు. ఏడాదికోసారి, సంఘం స్థాపన రోజున, నిలబడి తాను మారిన కథని సాక్ష్యంగా చెప్పేవాడు. జనానికి అది కంఠతా వచ్చు. అయినా ఏడ్చేవాళ్లు.

ఆ సాక్ష్యం ఇది. ఒక వేసవిలో గిద్యోను పొద్దున్నే తాగి బస్టాండు పక్కన రోడ్డు మార్జిన్లో పడిపోయాడు. మధ్యాహ్నం మూడింటికి మెలకువ వచ్చింది. మే నెల ఎండ. కానీ మొహం మీద ఎండ లేదు. కళ్లు తెరిచి చూస్తే భార్య సంతోషమ్మ. రెక్క విరిగిన గొడుగు అతని మొహం మీదికి వంచి పట్టుకుని నిలబడి ఉంది. పదింటికి వచ్చిందట. ఎండ జరిగినకొద్దీ ఆమె జరుగుతూ వచ్చింది. బస్సెక్కేవాళ్లు, దిగేవాళ్లు చూసి నవ్వుకుంటూ పోయారు. అంతకు ముందురోజే అతను కొట్టిన దెబ్బకి ఆమె కనుబొమ మీద ఇంకా కట్టు ఉంది. "లేస్తావా, బస్సెళ్లిపోద్ది" అంది. అంతే, ఇంకేమీ అనలేదు. గిద్యోను ఆ రోజునించీ తాగలేదు.

ఎలీషా ఇదంతా ముప్ఫై ఎనిమిది పేజీల్లో రాసుకొచ్చి మాకు చదివాడు. హెప్సిబా దేవిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. సాల్మన్ రాజుగారు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. టీ తెచ్చిన గిద్యోను గుమ్మం దగ్గరే తల వంచుకుని నిలబడ్డాడు. భూషణం గారు గొంతు సవరించుకున్నారు.

"అద్భుతం. హృదయం ద్రవించింది. ఇప్పుడు నియమావళి ప్రకారం పరిశీలిద్దాం."

ముందుగా సీసా విషయం వచ్చింది. అది సాల్మన్ రాజుగారి శాఖ.

"ఆ సీసా మీద లేబులుంటుందా?"

"పెట్టమంటే పెడతానండి" అన్నాడు ఎలీషా.

"లేబులుంటే ప్రచారం కిందికొస్తుంది."

"తీసేస్తానండి అయితే."

"లేబుల్లేకపోతే అది నాటుసారా. సంఘం తీసే సినిమాలో చట్టవిరుద్ధమైన సరుకా?"

"గ్లాసులో పోసి చూపిస్తానండి."

"ఏ రంగులో?"

అరగంట చర్చించాక ఎవరికీ అభ్యంతరం లేని పానీయం మజ్జిగ అని తేలింది.

"మజ్జిగ తాగి తూలిపోతాడాండి?" అన్నాడు ఎలీషా.

"తూలటం దేనికయ్యా? నిద్రపోతాడు. మజ్జిగ తాగితే నిద్రొస్తుంది, అది శాస్త్రీయం" అన్నారు సాల్మన్ రాజుగారు.

తరవాత దెబ్బ. భార్యని కొట్టడం పాపం కాబట్టి మొదటి నియమం కింద పోయింది. చెయ్యి ఎత్తడమన్నా ఉంచమని ఎలీషా బతిమాలాడు. భూషణం గారు కాసేపు కళ్లు మూసుకుని ఆలోచించి, ఎత్తిన చెయ్యి చూసేవారికి ఆశీర్వదిస్తున్నట్టు కనిపించే పక్షంలో అభ్యంతరం లేదన్నారు. కనుబొమ మీద కట్టు రెండో నియమానికి విరుద్ధం. తాటాకు ఇల్లు మూడో నియమానికి విరుద్ధం కాదు గాని, నూట పాతికేళ్ల సంఘంలో ఇంకా తాటాకిళ్లున్నాయా అని బయటివాళ్లు అనుకుంటారని హెప్సిబా దేవిగారు అభ్యంతరం చెప్పారు. స్లాబు వేశాం.

చివరికి బస్టాండు మిగిలింది.

"ఆడమనిషి నడిరోడ్డు మీద ఐదు గంటలు నిలబడటం గౌరవంగా ఉండదు. కూర్చోబెట్టండి" అన్నారు హెప్సిబా దేవిగారు.

"రోడ్డు మీద కూర్చోబెట్టమంటారాండి?"

"ఇంట్లో."

"ఇంట్లో ఎండెలా వస్తాదండీ?"

"కిటికీ ఉంటుంది కదా. ఆయన సోఫాలో నిద్రపోతాడు. ఎండ పడుతుంది. ఆవిడ లేచి కర్టెన్ వేస్తుంది."

ఎలీషా కాగితాలు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. తరవాత నెమ్మదిగా అడిగాడు. "అయ్యగారూ, నాదొక్కటే సందేహమండి. ఇతను తాగడు, కొట్టడు, ఇల్లు బాగుంది, భార్య నవ్వుతా ఉంది. మరి మారుమనస్సంటే ఇతను దేన్నించి మారినట్టండీ?"

"మంచి స్థితి నుంచి ఉత్తమ స్థితికి" అన్నారు భూషణం గారు, తడుముకోకుండా. "ప్రేక్షకుడు కింది మెట్టు చూడవలసిన ఆవశ్యకత లేకుండానే పై మెట్టు ఎక్కుతాడు. ఇది కళలో నూతన ప్రయోగం."

ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర ఎలీషాని అడిగాను, ఎందుకు ఒప్పుకున్నావని. "పద్ధెనిమిదేళ్లండి కృపానిధి గారూ. ఇది వాళ్లకి నచ్చేట్టు తీస్తే ఇంకోటి నాకు నచ్చేట్టు తియ్యనిస్తారు" అన్నాడు. అన్నాక గ్లాసులోకి చూస్తూ, "ఇస్తారంటారా?" అన్నాడు. నేను తపాలా శాఖ మనిషిని. విచారణలో ఉన్న దరఖాస్తుల గురించి మాటివ్వడం నాకు అలవాటు లేదు.

గిద్యోను వేషానికి హైదరాబాదు నుంచి సీరియళ్లలో వేసే ఒకాయన్ని తెచ్చారు. పచ్చగా, నున్నగా ఉన్నాడు. షూటింగు చూడటానికి ఒకరోజు సంతోషమ్మ వచ్చింది. సోఫా పక్కన పట్టుచీర కట్టుకుని నిలబడ్డ అమ్మాయిని చూసి, "ఆవిడెవరండి?" అని అడిగింది.

"మీరేనండి" అన్నాడు ఎలీషా, మొహం పక్కకి తిప్పుకుని.

"నేనా? ఏం చేస్తన్నానండి నేను?"

"కర్టెన్ వేస్తున్నారండి."

"అంతేనా?"

"అంతేనండి."

సంతోషమ్మ ఇంకో నిమిషం చూసి, పొయ్యి మీద అన్నం ఉందని వెళ్లిపోయింది.

సినిమా విడుదల రోజున మందిరం కిటకిటలాడింది. ఒక్క గడ్డం ఊడలేదు. ఒక్క వైరు కనిపించలేదు. నాయకుడు మజ్జిగ తాగి సోఫాలో పడుకోగానే కర్టెన్ జరిగింది, వంద పావురాలు కంప్యూటర్లోంచి ఎగిరాయి, ఆయన లేచి కూర్చుని "ఇకనుండి నేను నూతన వ్యక్తిని" అన్నాడు. నా పక్కన కూర్చున్న ముసలమ్మ నా మోచెయ్యి గిల్లి, "ఇంతకుముందు ఈయనకేవైంది నాయనా?" అంది. మజ్జిగ తాగాడని చెప్పాను. "పడకపోతే తాగకూడదు మరి" అంది.

ఎవరూ నవ్వలేదు. మా నాణ్యతా సంఘం లక్ష్యం నెరవేరింది. ఎవరూ ఏడవలేదు కూడా. దాని గురించి నియమావళిలో ఏమీ లేదు. నూటికి నూరు మార్కులతో నాణ్యతా పత్రం రాసి నేనే ముద్ర వేశాను. భూషణం గారు వేదిక మీదికి పిలిచి గిద్యోనుకి దండ వేశారు.

ఇక్కడిదాకా అంతా మేము అనుకున్నట్టే జరిగింది. మేము అనుకోనిది గిద్యోను సంగతి.

ఆ సినిమా చుట్టుపక్కల సంఘాలన్నిట్లోనూ వేశారు. చూసినవాళ్లు గిద్యోనుని చూడటానికి వచ్చేవారు. "వందనాలండి, మీరేనాండి ఆయన?" అని చేతులు పట్టుకునేవారు. తన జీవితం తెలిసినవాళ్లు ఇన్నాళ్లూ అతన్ని జాలిగా, కొంచెం జాగ్రత్తగా చూసేవారు. వీళ్లు గౌరవంగా చూశారు. మొదటి వారం గిద్యోను సిగ్గుపడ్డాడు. రెండో వారం తల పాపిడి మార్చాడు. మూడో వారం నుంచి తెల్లచొక్కాకి ఇస్త్రీ తప్పలేదు. నెల తిరిగేసరికి, "గంట కొట్టావా?" అని అడిగితే, "ఘంటానాదం ఇంతకుముందే గావించితిని" అనే స్థితికి వచ్చాడు.

దానికి మా నాణ్యతా సంఘమూ కొంత సాయం చేసింది. స్థాపన రోజు దగ్గరపడుతోంది. గిద్యోను పాత సాక్ష్యం చెబితే సినిమాకీ దానికీ పొంతన ఉండదని సాల్మన్ రాజుగారు ఎత్తిచూపారు. "రెండు కథనాలున్నప్పుడు ధ్రువీకరణ పొందినదే ప్రామాణికం" అన్నారు భూషణం గారు. ఆమోదించిన సాక్ష్యాన్ని నేనే నీటుగా రాసి గిద్యోనుకి ఇచ్చాను. సాక్ష్యం ఆఖర్న సంతకానికి చోటు కూడా వదిలాను. అతను చదువుకుని, ఒక్కచోట మాత్రం ఆగి, "మజ్జిగ కూడా తక్కువేనండి, రోజూ తాగేవాణ్ణి కాను" అన్నాడు. దిద్దాను.

ఆ కాగితం అతను ఇంటికి తీసుకెళ్లి అద్దం ముందు నిలబడి చదువుకుంటుంటే సంతోషమ్మ విందట. ఇదంతా తరవాత ఆమే చెప్పింది.

"అదేంటి? నువ్వు తాగేవోడివి కాదా?" అని అడిగిందట.

"ఏదో అందరితోపాటు... మరీ అంతగా తాగేవాణ్ణా నేను? నువ్వూ, జనం కలిసి పెద్దది చేశారు గానీ."

సంతోషమ్మ చింతపండు పిసుకుతున్న చెయ్యి కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, అక్కడినించి నేరుగా మా సమావేశానికి వచ్చింది. వెనకాలే గిద్యోను. అప్పుడు మేము పావురాల సంఖ్య మీద పొరుగు సంఘం పంపిన అభినందన లేఖ చదువుకుంటున్నాం.

"వందనాలండి" అంది సంతోషమ్మ. "నా తాగుబోతుని నాకిచ్చెయ్యండి."

గదిలో ఎవరికీ అర్థం కాలేదు.

"అమ్మా, మీ విజ్ఞప్తిని లిఖితపూర్వకంగా..." అని మొదలుపెట్టారు భూషణం గారు.

"నాకు రాయడం రాదయ్యగారూ, చెప్తాను. ఈయన తాగేవోడు. నన్ను కొట్టేవోడు. పదకొండేళ్లు. ఇదిగోండి" అని కనుబొమ మీద మచ్చ చూపించింది. "పదకొండేళ్లు నేను ఇదే మందిరంలో ఆ మూల స్తంభం పక్కన కూచుని ప్రార్థన చేశాను. మీరు మీ సినిమాలో ఈయన మంచోడేనని చూపించారు. మంచోడైతే నేనెందుకు ప్రార్థన చేసినట్టండీ? పనీపాటా లేకా? బస్టాండులో ఐదు గంటలు నిలబడ్డాను. నేను కర్టెనెయ్యలేదు. మా ఇంట్లో కిటికీయే లేదండి."

హెప్సిబా దేవిగారు తల దించుకున్నారు. సాల్మన్ రాజుగారు పావురాల లేఖని మడతపెట్టి జేబులో పెట్టుకున్నారు.

"అమ్మా, కళాత్మక దృక్కోణంలో కొన్ని మార్పులు అనివార్యం. మీవారి గౌరవం పెంపొందింది కదా!" అన్నారు భూషణం గారు.

"అదేనండి నే చెప్పేది. ఆ గౌరవమే కొంప ముంచుతోంది. ‘నేనంతగా తాగేవాణ్ణా’ అంటన్నాడు. ఇవాళ ఈ మాటన్నోడు రేపేమంటాడండీ? ‘ఒక్క గ్లాసే కదా, ఎప్పుడూ తాగనోణ్ణి’ అంటాడు. ఈయన నిలబడ్డది తన చెడు తనకి గుర్తుండబట్టేనండి. దాన్ని మీరు చెరిపేశారు." ఆమె గిద్యోను వైపు తిరిగింది. "నువ్వు చేసిందంతా నాకు తెలుసు. అంతా తెలిసే నిన్ను క్షమించాను. అది నేను చేసిన పని. ఈళ్లు చెరపడానికి లేదు, నువ్వూ లేదు."

గిద్యోను ఇస్త్రీ చొక్కా అంచు పట్టుకుని నలుపుతున్నాడు. సినిమా భాషలో ఏదో అనబోయినట్టు నోరు తెరిచాడు. మూశాడు. తరవాత వచ్చింది పాత గొంతు.

"అంతా తెలీదు నీకు" అన్నాడు.

"ఏంటి తెలీంది?"

"మీ అమ్మ పోయినప్పుడు కబురు ఆలస్యంగా వచ్చిందని చెప్పాను కదా. ఆలస్యంగా రాలేదు. మీ అన్న నతానియేలు మనిషిని పంపాడు. ఆ మనిషి పొద్దున తొమ్మిదింటికే లారీల స్టాండుకొచ్చి నాతో చెప్పాడు. ఇప్పుడే ఇంటికెళ్లి చెప్తానన్నాను. వెళ్దామనే బయల్దేరాను." అతను చొక్కా అంచు వదిలేశాడు. "దార్లో సారా కొట్టు తెరిచుంది. నీకు చెప్పేసరికి రెండో రోజు. నువ్వెళ్లేసరికి మట్టేసేశారు. మీ అన్న కావాలనే కబురు చెయ్యలేదని నువ్వనుకున్నావు. నేను అనుకోనిచ్చాను."

సంతోషమ్మ గోడకి చెయ్యి ఆనించుకుంది.

"పదహారేళ్లు" అంది. "మా అన్నతో పదహారేళ్లు మాట్లాళ్లేదు నేను. వాడి కూతురి పెళ్లికి పిలవడానికొస్తే తలుపు తియ్యలేదు."

"ఇది సాక్ష్యంలో ఎప్పుడూ చెప్పలేదు. చెబితే నువ్వెళ్లిపోతావని."

ఆమె మా అందరికీ మర్యాదగా వందనం చేసి, బయటికి నడిచి, ఆ నడకనే బస్టాండుకి వెళ్లింది. ఇంటికి కూడా పోలేదు. కాలవగట్టుపాలెం బస్సెక్కిందని తరవాత తెలిసింది. అది వాళ్లన్న ఊరు.

గిద్యోను మా బల్ల మీద ఉన్న టీ గ్లాసులు ఒక్కొక్కటీ ట్రేలో సర్దుకున్నాడు. నేను రాసిచ్చిన సాక్ష్యం కాగితం జేబులోంచి తీసి నాకు తిరిగిచ్చాడు. సంతకం చెయ్యలేదు.

స్థాపన రోజు గడిచింది. గిద్యోను సాక్ష్యం చెప్పలేదు. ఆమోదించింది చెప్పమన్నా చెప్పలేదు. సినిమానే మళ్లీ వేశాం. సంతోషమ్మ రాలేదు. అతను గంట కొట్టాడు, నేల ఊడ్చాడు. జుట్టు పాత పద్ధతికి వచ్చేసింది. వరుసగా మూడు ఆదివారాలు సాయంత్రం ఆరాధన అవగానే మందిరం మెట్ల మీద ఒక్కడే కూర్చుని ఉండటం చూశాను. తాగుతాడేమోనని భయమేసింది. ఎలీషాకీ అదే భయం. ఏదో పనున్నట్టు వచ్చి పక్కన కూర్చునేవాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు.

నాలుగో వారం గిద్యోను నా దగ్గరికి వచ్చి, ఆదివారం సెలవు కావాలన్నాడు. కాలవగట్టుపాలెం వెళ్తాడట. అక్కడి మందిరంలో, నతానియేలు ముందూ ఊరి ముందూ, చెప్పాల్సింది చెబుతాడట. అక్కడి పాస్టరుగారు ఒప్పుకున్నారట.

ఈ సంగతి భూషణం గారికి నివేదించాను. మా పరిధిలోని వ్యక్తి మరో చోట ఆమోదం పొందని సాక్ష్యం చెప్పడం తీవ్రమైన విషయమని, పరిశీలకుడిగా వెళ్లి ఎన్ని నియమాలు ఉల్లంఘించబడినదీ నమోదు చేసుకు రావాలని నన్ను ఆదేశించారు. నియమావళి ప్రతి ఒకటి సంచీలో పెట్టుకుని బస్సెక్కాను. వెనక సీట్లో ఎలీషా ఉన్నాడు.

కాలవగట్టుపాలెం మందిరం చిన్నది. సిమెంటు రేకుల కప్పు, చాపలు, ఒక మైకు. మైకు పనిచెయ్యలేదు. సంతోషమ్మ ఆడవాళ్ల వైపు, వదిన పక్కన కూర్చుంది. మమ్మల్ని చూసి పలకరించలేదు. నతానియేలు అనే ఆయన పొడుగ్గా, బక్కగా, ముందు చాప మీద కూర్చున్నాడు. గిద్యోను నిలబడి చెప్పాడు. సీసా చెప్పాడు, దెబ్బ చెప్పాడు, బస్టాండు చెప్పాడు. తరవాత ఆ పొద్దున తొమ్మిదింటి సంగతి చెప్పాడు. మధ్యలో రెండుసార్లు ఆగిపోయాడు. పక్కింట్లో ఎవరిదో ప్రెషర్ కుక్కర్ కూత వేసింది. ఎవరూ కదల్లేదు.

చెప్పడం అయిపోయింది. చప్పట్లు లేవు, స్తోత్రం అన్న కేక కూడా లేదు. నతానియేలు చాలాసేపు చాప అల్లికవైపు చూస్తూ ఉన్నాడు. లేచి గిద్యోను దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను.

"ఆ రోజు నేను పంపిన మనిషి పేరు నీకు గుర్తుందా?" అని అడిగాడు.

"యోబు" అన్నాడు గిద్యోను. "ఎడం కాలు కుంటేవాడు."

"వాణ్ణి నేను తిట్టి పనిలోంచి తీసేశాను. కబురు చెప్పలేదని." నతానియేలు కళ్లు తుడుచుకోలేదు. "మధ్యాహ్నం నాతో రా. వాడింటికి వెళ్దాం. ఇద్దరం వెళ్లాలి."

ముందు భోజనం పెట్టారు. సంతోషమ్మే వడ్డించింది. గిద్యోను విస్తరి దగ్గరికి వచ్చినప్పుడు ఆగి, అందరూ వినేట్టే అంది. "క్షమించానని అనుకోవద్దు. ఇంకా అనలేదు నేను. పదకొండేళ్లది ఒకటి, ఇది ఇంకోటి. దీనికి టైం పడుద్ది."

"పట్టనీ" అన్నాడు గిద్యోను.

ఆమె పప్పు వేసింది. కొంచెం ఆలోచించి, నెయ్యి కూడా వేసింది.

తిరుగు ప్రయాణంలో ఎలీషాని అడిగాను, కెమెరా తీసుకురాలేదా అని. "తెచ్చానండి. సంచీలోనే ఉంది. తియ్యబుద్ధి కాలేదు" అన్నాడు. తరవాత చాలా దూరం వచ్చాక, కిటికీలోంచి చేలు చూస్తూ, "ఎప్పుడైనా ఇలాంటిది తియ్యాలంటే ముందు అలా గమ్మున కూచోవడం నేర్చుకోవాలేమోనండి" అన్నాడు. ఆ మాట నాతో అన్నాడో తనతోనో తెలియలేదు.

మర్నాడు పొద్దున భూషణం గారి గదికి వెళ్లాను. ఆయన ఒక్కరే ఉన్నారు.

"నివేదిక?"

"జరిగింది చెబుతానండి" అని, జరిగింది జరిగినట్టు చెప్పాను. యోబు ఇంటి దగ్గర ఏమైందో కూడా చెప్పాను. పని పోయాక యోబు పొరుగూరు వెళ్లిపోయాడట, చనిపోయి రెండేళ్లయిందని నతానియేలుకీ అప్పుడే తెలిసింది. వాళ్లావిడ ఉంది. ఇద్దరు మగాళ్లూ ఆ గుమ్మంలో నిలబడి ఆవిడకే చెప్పుకున్నారు. ఆవిడ లోపలికి పోయి రెండు పీటలు తెచ్చి వేసింది.

"ఎన్ని నియమాలు ఉల్లంఘించబడ్డాయి?"

"నలభై ఒకటీనండి. గడ్డం కూడా గీసుకోలేదు గిద్యోను."

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. కళ్లజోడు లేకుండా ఆయన్ని చూడటం నాకదే మొదలు. వయసు పైబడిన మామూలు మనిషిలా ఉన్నారు.

"విన్నవాళ్లు ఏం చేశారు?"

"ఏమీ చెయ్యలేదండి. భోజనాల దగ్గర మాత్రం ఒకావిడ తోడికోడలి దగ్గరికి వెళ్లి ఏదో చెప్పి ఏడవడం చూశాను. ఒక ముసలాయన ఎవరికో ఫోన్ చెయ్యమని మనవరాలిని సతాయిస్తున్నాడు."

భూషణం గారు లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"కూచోండి కృపానిధి గారూ. నాకొక తమ్ముడున్నాడు. మీకు తెలీదు. ఎవరికీ తెలీదు" అన్నారు. "పేరు ఆశీర్వాదం. ఏలూరులో ఉంటాడు. మా నాన్న పోయాక ఇంటి విషయంలో వాడికి నేనో మాటిచ్చి, ఆ మాటే ఇయ్యలేదన్నాను. పెద్దమనుషుల్లో నా మాటే నమ్మారు. అప్పటికే నేను పాస్టర్ని కదా."

నేను కూర్చున్నాను. ఆయన చెప్పారు. మధ్యలో రెండుసార్లు ఆగారు. నేను మాట్లాడలేదు. అంతా అయ్యాక ఏలూరు బస్సు ఎన్నింటికుందో కనుక్కోమన్నారు.

కనుక్కున్నాను. రెండుంపావుకి ఉంది. ఒక్కరే వెళ్లడానికి భయంగా ఉందన్నారు. ఇద్దరం వెళ్లాం.